జునిపర్ బోన్సాయ్: కొన్న రోజు నుంచి తొలి రూపం వచ్చేదాకా ఏం చేయాలి

"ఆకు పచ్చగానే ఉంది, నీళ్లు కూడా పోస్తున్నాను. అయినా ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది. ఎందుకు?" జునిపర్ బోన్సాయ్, అంటే కుండీలో చిన్న చెట్టులా మలిచి పెంచే జునిపర్ మొక్క, కొన్నవాళ్ల నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. జవాబు చేదుగా ఉంటుంది: ఆ మొక్క చనిపోయి అప్పటికే వారాలు గడిచి ఉంటాయి. మందారానికి దాహం వేస్తే ఆ పూటే తల వాల్చేస్తుంది. జునిపర్ వేరు చచ్చినా ఆకు మాత్రం వారాల తరబడి, చల్లటి చోట్లయితే ఒక్కోసారి నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. మీరు ఈ రోజు చేసిన పొరపాటు వచ్చే నెలలో గానీ బయటపడదు. ఆలోపు అదే పొరపాటు ఇంకో నాలుగుసార్లు చేసి ఉంటారు.

కాబట్టి ఈ మొక్కతో ఒక పని చేశాక, అది కోలుకుందని రూఢి అయ్యేదాకా రెండో పనికి చేయి పెట్టకూడదు. కింద చెప్పిన క్రమమంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఒకే ఆదివారం నాడు కత్తిరించి, తీగ చుట్టి, కుండీ కూడా మార్చేయాలన్న ఉబలాటం ఉంటే ముందే మానుకోండి.

మీ దగ్గర ఉన్నది జునిపరేనా?

నర్సరీల్లో జునిపర్ పేరు చెప్పి తూజా మొక్క ఇవ్వడం మామూలే. తూజా కొమ్మ విసనకర్రలా పలచగా, ఒకే తలంలో పరుచుకుని ఉంటుంది. జునిపర్ ఆకు రెండు రకాలు. ఒకటి సూది ఆకు: కణుపుకు మూడేసి చొప్పున, కొంచెం నీలిరంగు కలిసిన పచ్చదనంతో, చేతికి గుచ్చుకుంటుంది. ప్రోకంబెన్స్ నానా రకం ఇలా ఉంటుంది; అమెరికా దుకాణాల్లో చిన్న కుండీలో అమ్మేది ఎక్కువగా ఇదే. రెండోది పొలుసు ఆకు: సన్నటి తాడులా కొమ్మకు అంటుకుని గుండ్రంగా ఉంటుంది. చైనా జునిపర్, జపాన్ వాళ్లకు ఇష్టమైన షింపాకు ఈ కోవలోవి. రెంటికీ పద్ధతి ఒకటే. సూది ఆకుతో పని చేసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, కొందరికి చర్మం మీద దద్దురు వస్తుంది.

ఎక్కడ పెట్టాలి

ఆరుబయట. బల్ల మీద, టీవీ పక్కన, ఆఫీసులో కంప్యూటర్ దగ్గర పెట్టడానికి ఇది పనికిరాదు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ, కదిలే గాలి, రాత్రి చల్లదనం కావాలి. ఇంట్లో పెట్టిన జునిపర్ నెమ్మదిగా ఆకలితో చస్తుంది. కిటికీ పక్కన పెట్టానంటే సరిపోదు.

బెంగళూరు, మదనపల్లె, అరకు వైపు ఇది హాయిగా పెరుగుతుంది. హైదరాబాదులో శ్రద్ధ పెడితే బాగానే ఉంటుంది. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి వేసవుల్లో మాత్రం కష్టపడుతుంది. అక్కడివాళ్లకు చివర్లో ఇంకో దారి చెబుతాను. ఎక్కడైనా సరే, మార్చి నుంచి జూన్ దాకా తూర్పు ఎండ మాత్రమే తగిలేలా చూడండి. రోహిణి కార్తెలో యాభై శాతం నీడ వల తప్పదు. డాబా మీద పెట్టేవాళ్లు ఒక విషయం మరచిపోతుంటారు: మొక్క మీద పడే ఎండ కన్నా, గచ్చు నుంచి, పిట్టగోడ నుంచి కొట్టే వేడి ఎక్కువ హాని చేస్తుంది. నాలుగు ఇటుకలు పేర్చి, కుండీని గచ్చుకు ఎత్తుగా, గోడకు ఎడంగా పెట్టండి. కుండీ చుట్టూ తడి గోనెసంచి చుడితే వేళ్లు ఉడికిపోవు.

అమెరికాలో ఉన్నవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తుంటారు: మంచు పడుతోందని జాలిపడి హీటర్ ఉన్న గదిలోకి తెస్తారు. దానికి శీతాకాలపు నిద్ర కావాలి. కుండీని నేల మీదికి దించి, అంచుదాకా చెక్కపొట్టు కప్పి, చలిగాలి నేరుగా కొట్టని మూలన ఉంచండి. మరీ తీవ్రమైన చలి రోజుల్లో వేడి చేయని గ్యారేజి చాలు.

కావలసినవి

- మొక్క. తయారైన బోన్సాయ్ కన్నా నర్సరీ సంచిలోని మొక్క కొనడమే మేలు, ధరలోనూ నేర్చుకోవడంలోనూ. కడియపులంక నర్సరీల్లో గానీ మీ ఊళ్లో గానీ వెతికేటప్పుడు ఎత్తు చూడకండి. బొటనవేలంత మొదలు ఉందా, కాండానికి దగ్గరలోనే పచ్చటి ఆకు ఉందా అన్నవి చూడండి. కొమ్మల చివర్లలో మాత్రమే ఆకు ఉండి లోపలంతా బోడిగా ఉంటే వదిలేయండి. బోడి కొమ్మ మీద జునిపర్ మళ్లీ చిగురించడం చాలా అరుదు.
- చిన్న మొనదేలిన కత్తెర, తీగ కత్తిరించే కట్టర్.
- బోన్సాయ్ అల్యూమినియం తీగ: 1, 1.5, 2.5, 4 మిల్లీమీటర్లవి. దొరకకపోతే ఇంటి వైరింగులో వాడే ఒంటి రాగి తీగ పైతొడుగు తీసి వాడవచ్చు, కానీ అది గట్టిది, కొత్తచేతికి ఇబ్బంది. సెంట్రింగ్ పనివాళ్లు వాడే ఇనుప బైండింగ్ వైరు వద్దు. తుప్పు పడుతుంది, బెరడును కోస్తుంది.
- ఒక వెదురు పుల్ల. అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా ముఖ్యం.
- కుండీ మార్చే ఏడాదికి: నీళ్లు జారిపోయే మట్టి. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి దొరికితే సరే. లేకపోతే ఇటుక ముక్కలు కొట్టి జల్లించి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల సైజువి తీసుకోండి. పొడి మొత్తం పారేయండి. మూడు వంతుల ముక్కలకు ఒక వంతు జల్లించిన మాగిన కంపోస్టు కలపండి. మంచు దేశాల్లో కంపోస్టు ఇంకా తగ్గించవచ్చు.

చేసే క్రమం

1. మొదటి నెల కదిలించకండి. మీరిచ్చే ఎండకు, గాలికి అలవాటు పడనివ్వండి. దుకాణంలో కొన్నదైతే మట్టి పైన గులకరాళ్లు జిగురుతో అంటించి ఉండవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, నీరు లోపలికి దిగదు. కుండీని అరగంట నీళ్లలో నానబెట్టి, స్క్రూడ్రైవరుతో ఆ పొరను పెకలించి తీసేయండి. అడుగున రంధ్రం ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే మాత్రం నెల ఆగకుండా, మట్టి గడ్డ చెదరకుండా రంధ్రమున్న కుండీలోకి దించేయండి.

2. నీళ్ల లెక్క నేర్చుకోండి. రోజుకు ఇన్నిసార్లు అని ఎవరు చెప్పినా నమ్మకండి. వెదురు పుల్లను మట్టిలో సగం లోతుకు గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. నల్లగా తడిసి, చల్లగా ఉంటే నీళ్లు వద్దు. కాస్త చెమ్మ మాత్రమే తగిలితే పోయండి. పోసేటప్పుడు అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా పోసి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఒకసారి పోయండి. కప్పుతో కొంచెం కొంచెం చిలకరిస్తే పైమట్టి తడిసి, లోపలి గడ్డ ఎండిపోయే ఉంటుంది. మే నెలలో రోజుకు రెండుసార్లు అవసరం పడవచ్చు, వానాకాలంలో వారం పాటు ఏమీ అక్కర్లేకపోవచ్చు. కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. బోరు నీటివల్ల కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, వాన నీటితో అప్పుడప్పుడు మట్టిని బాగా కడిగినట్టు పోయండి.

3. శుభ్రం చేయండి. మలిచే పని మైదాన ప్రాంతాల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టుకోండి. అమెరికాలో చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో. కత్తెర ఎత్తకముందే చేత్తో చేయాల్సిన పని చాలా ఉంటుంది. లోపల ఎండిన గోధుమరంగు ఆకును వేళ్లతో దులిపేయండి. కొమ్మ కాండాన్ని కలిసే చంకల్లో గుబురుగా మొలిచిన మెత్తటి పిలకలను తీసేయండి. కొమ్మల అడుగు నుంచి నేలవైపు వేలాడేవన్నీ కత్తిరించండి. తర్వాత పైమట్టిని పుల్లతో మెల్లగా గీకుతూ వెళ్లండి. నర్సరీ సంచిలో మొదలు తరచుగా రెండు మూడు అంగుళాల లోతులో పూడి ఉంటుంది. కాండం ఒక్కసారిగా వెడల్పై, వేళ్లుగా చీలే చోటు కనిపించేదాకా వెళ్లండి, అక్కడ ఆగండి. చెట్టు వయసు కళ్లకు కనిపించేది ఆ చోటే.

4. ముందు వైపు ఎంచుకోండి. కుండీని కంటి ఎత్తుకు పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ చూడండి. మొదలు వెడల్పుగా, కాండం వంపు స్పష్టంగా కనిపించే వైపు ముందు. చెట్టు కొస మీ వైపు కొద్దిగా వాలి ఉండాలి, వెనక్కి కాదు. నిశ్చయించుకున్నాక అక్కడ మట్టిలో ఒక పుల్ల గుచ్చండి. తిప్పుతూ తిప్పుతూ మరచిపోతారు. నేల మీద పాకే ప్రోకంబెన్స్ రకాన్ని బలవంతంగా నిటారుగా నిలబెట్టడం కన్నా, కుండీ అంచు మీదుగా కిందికి జారే రూపం ఇవ్వడమే నా దృష్టిలో అందం.

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. వీలైతే మంచి చెట్లు ముందుగా చూసి రండి. మైసూరులో గణపతి సచ్చిదానంద ఆశ్రమం వారి కిష్కింధ బోన్సాయ్ తోట మనవాళ్లకు దగ్గర. వాషింగ్టన్ పరిసరాల్లో ఉన్నవాళ్లయితే నేషనల్ బోన్సాయ్ అండ్ పెంజింగ్ మ్యూజియంకి వెళ్లి, అమెరికా బోన్సాయ్ గురువు జాన్ నాకా 11 జునిపర్లతో కట్టిన 'గోషిన్' అనే అడవిని చూడవచ్చు. 1984లో ఆయన దాన్ని మ్యూజియంకి ఇచ్చారు. దాని ముందు నిలబడితే కొమ్మల మధ్య ఖాళీ ఎంత అవసరమో తెలుస్తుంది. కొత్తవాళ్లు కొమ్మలు ఎక్కడ ఉండాలో ఆలోచిస్తారు, ఆకాశం ఎక్కడ కనిపించాలో ఆలోచించరు.

5. ఏ కొమ్మ ఉండాలి, ఏది పోవాలి. ఒకే చోట నుంచి రెండు మూడు కొమ్మలు వస్తే ఒకటి ఉంచండి. వంపు లోపలి వైపు మొలిచినవి తీసేసి, బయటి వైపువి ఉంచండి. సూటిగా మీ ముఖానికి పొడుచుకొచ్చేది, కాండాన్ని అడ్డంగా దాటేది పోవాలి. మొత్తం పచ్చదనంలో మూడో వంతుకు మించి ఒకసారి తీయకండి. జునిపర్ బలమంతా ఆకులోనే ఉంటుంది. ఆకు పోతే వేరూ నీరసిస్తుంది. అనుమానం వచ్చిన కొమ్మను ఈ ఏడాదికి ఉంచేయండి. వద్దనిపిస్తే వచ్చే ఏడాది తీయవచ్చు, తీసినదాన్ని అతికించలేం.

తీసే కొమ్మను కాండానికి సమంగా నరకకుండా, రెండంగుళాల మోడు వదలండి. దాని బెరడును ఒలిచేస్తే ఎండుకొమ్మలా మిగులుతుంది. దాన్ని జపాన్ వాళ్లు జిన్ అంటారు, జునిపర్‌కు అది నగ. ఎండిన చెక్క కుళ్లకుండా, తెల్లబడేలా లైమ్ సల్ఫర్ ద్రావణం పూస్తారు. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది కాబట్టి ఆరుబయటే, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని పూయండి. మట్టిలో చుక్క పడకుండా కుండీ మీద ప్లాస్టిక్ కప్పండి. కాండం మీది బెరడును ఒలిచే సాహసం మాత్రం తొలి మొక్కమీద వద్దు. ఏ కొమ్మకు ఏ నరం నీరు అందిస్తోందో తెలియకుండా ఒలిస్తే ఆ కొమ్మ పోతుంది.

6. తీగ చుట్టండి. ముందు రోజు నీళ్లు పోయకండి. కొద్దిగా దాహంతో ఉన్న కొమ్మ బాగా వంగుతుంది. తీగ మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి, పొడవు కొమ్మకన్నా మూడో వంతు ఎక్కువ. ఒకే తీగతో దగ్గర దగ్గరగా ఉన్న రెండు కొమ్మలను కలపండి: తీగ మధ్యభాగాన్ని కాండం చుట్టూ కనీసం ఒకటిన్నర చుట్టు తిప్పి, రెండు కొసలను రెండు కొమ్మల మీదికి పంపండి. అలా పట్టు లేకపోతే ఒక కొమ్మను వంచినప్పుడు రెండోది లేస్తుంది.

చుట్టు 45 డిగ్రీల వాలులో ఉండాలి. మరీ దగ్గరగా స్ప్రింగులా చుడితే పట్టు ఉండదు, మరీ ఎడంగా చుడితే కొమ్మ విరుగుతుంది. ఒక చేతి వేళ్లతో చుట్టిన చోటును గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తీగను మాత్రమే కదిలించండి, కొమ్మ కదలకూడదు. ఆకును తీగ కింద నొక్కేయకండి. ఒక తీగ మీద ఇంకో తీగను అడ్డంగా దాటించకండి. అయ్యాక పరీక్ష: తీగకూ బెరడుకూ మధ్య ఒక పలచటి కాగితం దూరితే చాలు. వెలుతురు కనిపిస్తే వదులు, బెరడు ఉబ్బితే బిగువు.

7. వంచండి. రెండు బొటనవేళ్లూ వంపు లోపల, మిగతా వేళ్లు వంపు బయట. తీగ వంపు వెలుపలి వైపు నుంచి వెళ్తూ ఉండాలి, చీలిక వచ్చేది అక్కడే కాబట్టి. కొంచెం వంచి ఆగండి, మళ్లీ కొంచెం వంచండి. సన్నగా చిటచిట శబ్దం వస్తే అదే హద్దు. ముందు కొమ్మను కాండం దగ్గరే కిందికి దించి, తర్వాత పక్కలకు మెలికలు పెట్టండి. మధ్యలో నుంచి వంచితే గొడుగు కర్రలా వస్తుంది. కొసలను మళ్లీ కొద్దిగా పైకి లేపండి, వెలుతురు కోసం. ఒక్కో కొమ్మ మీది పిలకలను పక్కకు పరిచి పలచటి మేఘంలా చేయండి, అడుగు భాగం చదునుగా ఉండాలి.

కొమ్మ చీలిందా? కంగారు పడకండి. పెట్టిన వంపును కొంచెం సడలించి, చీలికను దగ్గరకు నొక్కి, తడి గుడ్డపీలికతో గానీ రాఫియాతో (తాటిజాతి చెట్టు నార) గానీ బిగించి కట్టండి. సగం బెరడు అతుక్కుని ఉంటే చాలాసార్లు బతుకుతుంది. వేలు మందం దాటిన కొమ్మను గట్టిగా వంచాలంటే వంచకముందే రాఫియా చుట్టి, ఆపైన తీగ వేయాలి. మొదటి ఏడాది అంత అవసరమేమీ లేదు.

8. తర్వాతి ఆరు వారాలు. పలచటి నీడ, గాలి, ఆకు మీద రోజూ నీటి తుంపర. ఎరువు వద్దు. ముట్టుకోకుండా ఉండటమే ఇక్కడ అసలు పని. కొసల్లో లేత ఆకుపచ్చ కనిపించాక ఎండలోకి మార్చి, నానబెట్టిన వేరుశనగ చెక్క తేటను బాగా పలచన చేసి పదిహేను రోజులకోసారి పోయండి. వేసవి తీవ్రతలో అదీ ఆపండి.

9. తీగ తీయడం. మూడో వారం నుంచి వారానికోసారి దగ్గరగా చూడండి. బాగా పెరిగే భాగాల్లో తీగ ముందుగా బెరడును కొరుకుతుంది. బెరడులోకి దిగుతున్నట్టు కనిపించగానే ఒక్కో చుట్టునూ కట్టర్‌తో ముక్కలుగా కోసి తీయండి. తీగ దండగ అవుతుందని వెనక్కి విప్పితే అల్యూమినియం మిగులుతుంది గానీ కొమ్మ విరుగుతుంది. జునిపర్ వంపును నెమ్మదిగా నేర్చుకుంటుంది. తీయగానే కొమ్మ లేచిపోతే రెండోసారి, ముందు గుర్తులు పడిన చోటు తప్పించి చుట్టండి.

10. కుండీ మార్పు వచ్చే ఏడాదే. మన మైదానాల్లో సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య, మంచు దేశాల్లో వసంతం మొదట్లో. వేళ్ల గడ్డలో సగం వరకే పాత మట్టి తీయండి, మిగతా సగం రెండు మూడేళ్ల తర్వాత. పైపు కింద పెట్టి వేళ్లను శుభ్రంగా కడిగేయడం మామిడికో మర్రికో చెల్లుతుందేమో, జునిపర్‌కు చెల్లదు. పాత మట్టిలో ఉండే, వేళ్లకు తోడ్పడే తెల్లటి బూజు కూడా దానితో పోతుంది, దాన్ని తెగులనుకోకండి. కుండీ అడుగు రంధ్రాల గుండా తీగ పంపి, చెట్టును కదలకుండా కట్టండి. కొత్త మట్టిని పుల్లతో పొడుస్తూ సందులన్నీ నింపండి. కుండీ పట్టుకుని ఊపితే చెట్టు వేరుగా ఊగకూడదు.

ఎక్కువగా జరిగే తప్పు ఒకటి

చాలాచోట్ల జునిపర్ కొసలను గోళ్లతో గిల్లుతూ ఉండమని చెబుతారు. చెట్టంతా గిల్లితే పెరుగుదల ఆగి, చెట్టు నీరసిస్తుంది. గిల్లిన కొసలు గోధుమరంగుకు మారతాయి. గుబురు దాటి పొడుచుకొచ్చిన రెమ్మను మాత్రమే, కత్తెరను లోపలికి దూర్చి, చెక్కబారిన కణుపు దగ్గర కోయండి. ఆకును అడ్డంగా కోయకండి. పొలుసు ఆకు చెట్టును ఎక్కువ కత్తిరిస్తే సూది ఆకు పుట్టుకొస్తుంది. అది రోగం కాదు, మీరు మోతాదు మించారన్న సంకేతం. రెండేళ్లు వదిలేస్తే సర్దుకుంటుంది.

బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

రంగును కాదు, కొసను చూడండి. కొసల్లో మిగతా ఆకు కన్నా లేత రంగు ఉంటే పెరుగుతోంది. రెమ్మను వేళ్ల మధ్య వంచండి: బతికినది వంగుతుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. చచ్చినది పెళుసుగా విరుగుతుంది, రంగు మసకబారి బూడిద పూసినట్టుంటుంది. ఇంకా అనుమానముంటే కొమ్మ అడుగున గోరంత మేర బెరడు గీకండి, కింద తడిగా ఆకుపచ్చ ఉండాలి.

గోధుమరంగు ఎక్కడ మొదలైందో అదే కారణం చెబుతుంది. లోపలి పాత ఆకు మాత్రమే ఎండితే సహజం, దులిపేయండి. కొసలు ఎండుతుంటే నీళ్లు తగ్గాయి, లేదా వేళ్లు కుళ్లుతున్నాయి. వెదురు పుల్ల తేల్చేస్తుంది. ఒక్క కొమ్మే పోతే వంచినప్పుడు విరిగి ఉంటుంది. చెట్టంతా దుమ్ము పట్టినట్టు పాలిపోతే కొమ్మ కింద తెల్లకాగితం పెట్టి తట్టండి. పడిన నలుసుల్లో కదిలేవి ఉంటే, వేలితో రుద్దినప్పుడు ఎర్రటి గీత పడితే అవి ఆకు రసం పీల్చే ఎర్రనల్లులు. ఆకు అడుగు భాగం తడిసేలా గట్టి ధారతో రెండు మూడు రోజులకోసారి కడగండి, సాయంత్రం పూట వేపనూనె చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

కోస్తా వాళ్లకు

రెండు వేసవుల్లో రెండు జునిపర్లు పోగొట్టుకున్నవాళ్లు మూడోది కొనకుండా సరుగుడు తెచ్చుకోండి. దూరం నుంచి చూస్తే అదే సూది ఆకు అందం; మన ఇసుక నేలకు, ఉప్పు గాలికి పుట్టినది. తీగకు బాగా లొంగుతుంది, ముదురు కొమ్మ మీద కూడా చిగురిస్తుంది. పైన చెప్పిన 4, 6, 7 మెట్లు దానికి యథాతథంగా పనికొస్తాయి. తేడా నీళ్లలో: సరుగుడు దాహంగల చెట్టు, మట్టి ఆరనివ్వకూడదు.

జునిపరే కావాలనుకుంటే మాత్రం మే నెలలో కొనకండి. నవంబరులో కొంటే వేసవి వచ్చేలోపు వేళ్లు కుదురుకోవడానికి నాలుగు నెలలు దొరుకుతాయి. పాత మొక్క పోయిన కుండీని, ఇటుక ముక్కలను కడిగి, ఎండలో ఆరబెట్టి దాచుకోండి, మళ్లీ పనికొస్తాయి.